మయసభలో నేల ఏది, నీరు ఏది?

మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూసి నీళ్ళనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు. ఆ తర్వాత నిజంగా నీళ్ళున్న మడుగును నేలనుకుని అందులో పడ్డాడు. భారతంలోని ఈ ఘట్టాన్ని మనం ఆ అవమానం కోసం, దాని వెంట వచ్చిన పగ కోసం గుర్తుపెట్టుకున్నాం. కానీ అందులో మన చూపు గురించిన గట్టి నిజం ఒకటి ఉంది. గాజుకీ నీటికీ తమదంటూ చెప్పుకోదగ్గ రూపం లేదు. మట్టికుండను ఏ మూల పెట్టినా, ఏ దీపం వెలుగులో చూసినా అది మట్టికుండే. గాజు గ్లాసు అలా కాదు. తన వెనక ఏముంది, పక్కన ఏముంది, వెలుగు ఎటునుంచి వస్తోంది అన్నవాటినే అది వంచి, సాగదీసి, తలకిందులు చేసి మనకు చూపిస్తుంది. చుట్టూ ఉన్నవి తీసేస్తే గాజు మాయమవుతుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గాజునూ నీటినీ నిజంలా చూపించడానికి దాదాపు అర్ధశతాబ్దంగా జరుగుతున్న కృషిని ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలేది ఇదే. ఈ పని నేర్చుకునేవాళ్ళు మొదట వెతికేది మంచి గాజు షేడర్ కోసం, అంటే పదార్థం గుణాలను రాసి పెట్టే ఆ చిన్న ప్రోగ్రాం కోసం. నిజానికి పదార్థం ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. తీరనివి వేరే ఉన్నాయి. గాజు చుట్టూ ఏముంది, దాని ఆకారం ఎంత నమ్మకంగా ఉంది, దాని గుండా వెళ్ళే వెలుగు దారిని యంత్రం ఎలా కనిపెడుతుంది అన్నవి అవి. మొదటి రెండూ కళాకారుడి చేతిలో ఉన్నాయి. మూడోది ఇప్పటికీ గణితం పూర్తిగా జయించని చోటు.

పదార్థం ప్రశ్న తీరిపోయిందని ఎందుకంటున్నానంటే, కాంతి గాలిలోంచి గాజులోకి వెళ్తూ ఎంత వంగుతుందో చెప్పే సూత్రం వెయ్యేళ్ళ నాటిది. 984 ప్రాంతంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ దాన్ని వాడాడు. 1621లో డచ్ గణితవేత్త స్నెల్ మళ్ళీ కనుక్కున్నాడు, పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే నిలిచింది. తలం మీద పడిన వెలుగులో ఎంత వెనక్కి తిరిగొస్తుంది, ఎంత లోపలికి పోతుంది అన్నది 19వ శతాబ్దపు తొలి దశకాల్లో ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్ తేల్చాడు. ఈ రెండు సూత్రాలకూ పదార్థం గురించి కావలసింది ఒకే ఒక్క అంకె, వక్రీభవన గుణకం. నీటికి అది 1.33, మామూలు గాజుకు సుమారు 1.5, వజ్రానికి 2.42. ఒక చర్మాన్నో ఒక పట్టుచీరనో వర్ణించడానికి కావలసిన లెక్కలతో పోలిస్తే ఇది ఏమీ కాదు. 1980 జూన్‌లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టర్నర్ విటెడ్ ఈ సూత్రాలను కంప్యూటర్ చేత చేయించి చూపించాడు. ఎరుపు, పసుపు గళ్ళ నేల మీద ఒక గాజు బంతి, ఒక అద్దం లాంటి బంతి, అంతే ఆ చిత్రం. కంటి నుంచి ఒక కిరణాన్ని పంపాలి, గాజు తగిలితే దాన్ని రెండుగా చీల్చాలి, ఒకటి పరావర్తనం చెంది వెనక్కి, ఒకటి వక్రీభవనం చెంది లోపలికి వెళ్తుంది, అవి మళ్ళీ ఎక్కడ తగిలితే అక్కడ మళ్ళీ ఇదే పని. రే ట్రేసింగ్ అని మనం ఇప్పుడు పిలిచే పద్ధతిలో వక్రీభవనానికి చోటు దొరికింది ఇక్కడే. అప్పటి వ్యాక్స్-11/780 యంత్రానికి ఆ ఒక్క చిత్రం గీయడానికి 74 నిమిషాలు పట్టింది. ఇవాళ అలాంటి దృశ్యాన్ని మామూలు గేమింగ్ కార్డు సెకనుకు 60 సార్లు గీస్తుంది. తర్వాత వచ్చినవి చాలావరకు మెరుగులు. ఫ్రెనెల్ లెక్కను 1994లో క్రిస్టోఫ్ ష్లిక్ త్వరగా అయ్యేలా కుదించాడు. 2007లో వాల్టర్ బృందం గరుకు గాజుకు, అంటే బాత్రూం కిటికీల్లో చూసే మసక గాజు లాంటిదానికి, నమ్మదగిన నమూనా ఇచ్చింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో జీజీఎక్స్ అని కనిపించే పేరు అక్కడిదే.

మరి అంకె సరిగ్గా ఇచ్చినా, సూత్రం సరిగ్గా ఉన్నా, కొత్తగా నేర్చుకునేవాళ్ళ గాజు బూడిదరంగు ప్లాస్టిక్‌లా, నల్ల ముద్దలా ఎందుకు వస్తుంది? జవాబు స్టూడియో ఫొటోగ్రాఫర్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. సీసాలనూ గ్లాసులనూ ఫొటో తీసేవాళ్ళు గాజు మీదికి లైటు కొట్టరు. వెనక తెల్లటి వెలుగు పరిచి, కెమెరాకు కనబడని చోట రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెడతారు. గాజు అంచులు ఆ నలుపును వంచి తెచ్చుకుని, సిరాతో గీసినట్టు తేలతాయి. నల్ల నేపథ్యం కావాలంటే ఇదే ఏర్పాటును తిప్పి పెడతారు, అప్పుడు అంచులు వెండితీగల్లా మెరుస్తాయి. గాజు మారలేదు, దాని గుణకం మారలేదు, అట్టలు మాత్రమే మారాయి. దీని వెనక లెక్క తేలికైనది. గాజును ఎదురుగా చూసినప్పుడు ఒక తలం వెనక్కి పంపేది పడిన వెలుగులో 4 శాతమే. మిగతాదంతా వెనక ఉన్నదే మనకు చేరుతుంది. వెనక శూన్యం పెట్టి గాజును చూపించమంటే సాఫ్ట్‌వేర్ శూన్యాన్నే నమ్మకంగా వంచి చూపిస్తుంది. విటెడ్ తన బంతుల కింద గళ్ళ నేల పరచడంలోనూ ఈ తెలివే ఉంది. ఆ గళ్ళు వంగడం వల్లే అది గాజు అని మనకు తెలిసింది.

నీటి విషయంలో ఈ మాట మరింత నిజం. చెరువు గట్టు మీద నిలబడి కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూస్తే అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. అక్కడే తలెత్తి అవతలి గట్టు వైపు చూస్తే ఆకాశం, తాటిచెట్లు తప్ప నీళ్ళంటూ ఏమీ కనబడదు. తిన్నగా కిందికి చూసినప్పుడు నీటి తలం వెనక్కి పంపేది 2 శాతం. లంబానికి 80 డిగ్రీల ఏటవాలుగా చూస్తే అది 35 శాతానికి, 85 డిగ్రీల దగ్గర 58 శాతానికి చేరుతుంది. ఒకే చెరువు ఒకే చూపులో కిటికీ కూడా, అద్దం కూడా. అందుకే గ్రాఫిక్స్‌లో సముద్రం బాగా రాలేదంటే సగంసార్లు తప్పు సముద్రంలో ఉండదు, దానిపైన పెట్టిన ఆకాశంలో ఉంటుంది. అయితే ఆకాశం ఒక్కటే చాలదని మనకు ముందే చెప్పినవాడు సి.వి. రామన్. విశాఖపట్నంలో బడికెళ్ళిన ఈ మనిషి 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ, సముద్రపు నీలం అంతా ఆకాశం నీడేనన్న అప్పటి మాటను పరీక్షించాడు. నికోల్ పట్టకాన్ని తగిన కోణంలో పట్టుకుని నీటి మీది ఆకాశపు మెరుపును తీసేసి చూస్తే నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి లోపలి నుంచే ఆ రంగు వస్తోంది. నీటి అణువులు వెలుగును చెదరగొట్టడం దానికి కారణమని ఆయన రాశాడు. నీరు ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడమూ అందులో పెద్ద భాగమని ఇప్పుడు తెలుసు. రెండరింగ్ భాషలో, అంటే కంప్యూటర్ చేత చిత్రం గీయించేవాళ్ళ భాషలో, దీని అర్థం ఒకటే. తలం మీది మెరుపు వేరు, లోతులోని రంగు వేరు, రెండింటినీ విడివిడిగా లెక్కకట్టాలి. రంగును తలానికి పూసేస్తే పల్చటి అంచు దగ్గర, లోతైన నడిమధ్య ఒకే రంగు వచ్చి సముద్రం పెయింటు డబ్బాలా ఉంటుంది. వెలుగు నీటిలో ఎంత దూరం ప్రయాణించిందో దాన్నిబట్టి రంగు చిక్కబడాలి. ఇక వరద గోదారి లాంటి ఎర్రనీటికి శోషణ ఒక్కటే సరిపోదు. నీటిలోని ఒండ్రు వెలుగును లోపలే చెదరగొట్టి వెనక్కి పంపే తీరు కూడా కావాలి. స్వచ్ఛమైన నీటి కోసం రాసిన షేడర్ ఆ నీటిని ఎన్నటికీ చూపలేదు.

ఇక ఆకారం. దీనికి పెద్ద సముద్రం అక్కర్లేదు, బల్ల మీది గ్లాసెడు మంచినీళ్ళు చాలు. ఈ రంగంలో ఇంతకంటే మంచి పరీక్ష నాకు కనబడలేదు. ఆ గ్లాసులో గాలికీ గాజుకూ మధ్య ఒక సరిహద్దు, గాలికీ నీటికీ మధ్య ఒకటి, గాజుకూ నీటికీ మధ్య ఇంకొకటి ఉన్నాయి. మోడల్ చేసేవాళ్ళు సాధారణంగా గ్లాసును ఒక మెష్‌గా, అంటే చిన్న చిన్న పలకలతో అల్లిన ఆకారంగా, నీటిని ఇంకో మెష్‌గా తయారుచేస్తారు. రెండూ తగలకుండా ఉండాలని నీటిని వెంట్రుకవాసి లోపలికి జరిపారనుకోండి, నీటికీ గాజుకూ మధ్య సన్నటి గాలిపొర ఏర్పడుతుంది. నీటిలోంచి గాలిలోకి వెళ్ళబోయే వెలుగు 48.6 డిగ్రీలు దాటితే బయటికే రాదు, సంపూర్ణాంతర పరావర్తనం చెంది లోపలికే తిరిగిపోతుంది. దాంతో నీళ్ళ పక్కలు పాదరసం పూసినట్టు తళతళలాడతాయి, గ్లాసులో నీళ్ళు కాకుండా నీళ్ళ ఆకారంలో ఇంకో గాజుదిమ్మ పెట్టినట్టు ఉంటుంది. పోనీ రెండు తలాలనూ సరిగ్గా ఒకేచోట పెడితే, వాటిలో ఏది ముందు తగిలిందో కంప్యూటర్ తన దశాంశాల హద్దులో తేల్చుకోలేక నల్ల మచ్చలు పెడుతుంది. నిజం గ్లాసులో జరిగేది వేరు. 1.33 నుంచి 1.5కి మారే సరిహద్దు ఎదురుగా పడిన వెలుగులో అర శాతం కూడా వెనక్కి పంపదు, కాబట్టి ఆ సరిహద్దు దాదాపు కనబడదు. నీళ్ళు పోయగానే గ్లాసు లోపలి గోడ మాయమైపోతుంది. ద్రాక్షరసం పోస్తే రంగు గ్లాసు బయటి అంచుదాకా పాకినట్టు కనిపించేది అందుకే. 2002లో ష్మిట్, బడ్జ్ అనే ఇద్దరు దీనికి ఒక చక్కటి ఉపాయం చెప్పారు. నీటి మెష్‌ను కావాలనే గాజు గోడలోకి కొద్దిగా చొప్పించాలి, గాజుకు పెద్దపీట వేయాలి. రెండూ కలిసిన చోటును సాఫ్ట్‌వేర్ గాజుగానే లెక్కిస్తుంది, దాంతో నీరు నేరుగా గాజును అంటుకున్నట్టు అవుతుంది. ఎంతో చిన్న మార్పు, ఫలితం మాత్రం పదార్థం అంకెలను ఎంత సవరించినా రానిది. దీనికి తోడు నీటి అంచు గాజును పట్టుకుని రెండు మూడు మిల్లీమీటర్లు పైకి పాకుతుంది. ఆ నెలవంక అంచు వెలుగును పట్టి గ్లాసు చుట్టూ ఒక సన్నటి గీతలా మెరిపిస్తుంది. బల్లపరుపుగా కోసేసిన నీటి మెష్‌లో ఆ గీత ఉండదు. లోపం ఎక్కడుందో చూసేవాళ్ళు చెప్పలేరు, కానీ అది నీరు కాదని వాళ్ళకు తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. ఎండలో పెట్టిన గ్లాసు కింద బల్ల మీద ఒక వెలుగు మరక పడుతుంది. మధ్యలో సూదిమొనలా తీక్షణంగా, చుట్టూ ముడతలు పడ్డ వలలా ఉంటుంది. నీళ్ళతొట్టి పక్కన గోడ మీద కదిలే వెలుగు వల కూడా ఇదే జాతి. వీటిని కాస్టిక్స్ అంటారు, కాల్చేవి అని ఆ మాటకు మూలార్థం. భూతద్దంతో కాగితం కాల్చడంలో జరిగేది ఇదే. ఇబ్న్ సహల్ వక్రీభవన సూత్రాన్ని వాడింది కూడా నిప్పు పుట్టించే కటకాల కోసమే. అంటే ఈ శాస్త్రం ఏ పని కోసం పుట్టిందో సరిగ్గా ఆ పనే కంప్యూటర్‌కు అన్నిటికంటే కష్టమైంది. ఎందుకో చూడాలి. విటెడ్ పద్ధతి కంటి నుంచి మొదలవుతుంది. బల్ల మీద ఒక బిందువు తగిలితే అక్కణ్ణుంచి దీపం వైపు తిన్నగా ఒక గీత గీసి చూస్తుంది. మధ్యలో గ్లాసు అడ్డొస్తే నీడ అంటుంది. వెలుగు గ్లాసులో వంగి అదే బిందువుకు మరో దారిన వచ్చి ఉండొచ్చన్న సంగతి దానికి తెలియదు. గాజు కింద నల్లటి నీడ పడటానికి మూలం ఇదే. 1986లో జేమ్స్ కాజియా వెలుగు ప్రయాణం మొత్తాన్ని ఒకే సమీకరణంలో రాసి, దాన్ని లాటరీ వేసినట్టు కిరణాలను విసిరి సాధించే పాత్ ట్రేసింగ్‌ను ప్రతిపాదించాడు. సూత్రం ప్రకారం ఇందులో అన్ని దారులూ ఉన్నాయి, కాస్టిక్స్ కూడా. కానీ దొరకాలి కదా. చెరువు అడుగున ఒక బిందువు నుంచి పై అర్ధగోళంలోకి ఎటుబడితే అటు కిరణాలు విసిరితే, నీటి తలం దగ్గర వంగి సరిగ్గా సూర్యుడిని తాకేది ఏ లక్షకో ఒకటి. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. సూర్యుడి బదులు వెడల్పే లేని బిందు దీపం పెడితే అవకాశం పూర్తిగా సున్నా. తగిలిన ఆ ఒక్క కిరణం మోసుకొచ్చే వెలుగు మాత్రం విపరీతం. తెర మీద అది నీటి వెలుగులా కాక మిణుగురు పురుగుల్లా చెల్లాచెదురు చుక్కలుగా పడుతుంది. కళాకారులు వీటిని ఫైర్‌ఫ్లైస్ అనే పిలుస్తారు.

గత 40 ఏళ్ళ పరిశోధన చరిత్రలో ఎక్కువ భాగం ఈ ఒక్క దారిని వెతకడమే. 1986లోనే జేమ్స్ ఆర్వో దీపం నుంచి కిరణాలు పంపి చూద్దామన్నాడు. 1996లో హెన్రిక్ వాన్ జెన్సన్ ఆ ఆలోచనను ఫోటాన్ మ్యాపింగ్‌గా మలిచాడు. దీపం నుంచి లక్షల కణాలను చల్లి, అవి ఎక్కడ వాలాయో రాసిపెట్టుకుని, చిత్రం గీసేటప్పుడు చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం దీని సారం. కాన్యాక్ గ్లాసు కింద ఎర్రబంగారు రంగులో పరుచుకున్న వెలుగుతో ఆయన చేసిన చిత్రం ఈ రంగంలో అందరికీ తెలుసు. చిక్కేమిటంటే, పక్కపక్క కణాలను కలిపి లెక్కించడం వల్ల సూదిమొన లాంటి వెలుగు కాస్త మసకబారుతుంది. 1997లో ఎరిక్ వీచ్, లియోనిడాస్ గిబాస్ మరోలా ఆలోచించారు. అరుదైన దారి ఒక్కటి దొరికితే దాన్ని వదలకుండా, కొంచెం కొంచెం కదిలించి ఇరుగుపొరుగు దారులను పట్టుకుందామన్నారు. 2012లో ఫోటాన్లనూ దారులనూ ఒకే లెక్కలో కలిపే పద్ధతి వచ్చింది. అదే ఏడాది వెంజెల్ యాకబ్, స్టీవ్ మార్ష్‌నర్ వంగిన తలాల గుండా సాగే దారిని ఊహతో కాకుండా సమీకరణంగా సాధించే మార్గం చూపారు. ఆ వంశంలోని ఒక పద్ధతే 2022లో బ్లెండర్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ 3.2 వెర్షన్‌లో షాడో కాస్టిక్స్ పేరుతో ఉచితంగా అందరికీ చేరింది. దాని హద్దులు చూస్తే సమస్య ఎంత మొండిదో తెలుస్తుంది. వక్రీభవనం చెందిన వెలుగునే అది పట్టుకుంటుంది, పరావర్తనం చెందినదాన్ని కాదు. అదీ నాలుగు తలాల దాకా మాత్రమే. ఖాళీ గ్లాసును పక్కనుంచి దాటే వెలుగు నాలుగు తలాలు దాటుతుంది. దాని పక్కన ఇంకో గ్లాసు పెడితే లెక్క అక్కడితో ఆగిపోతుంది.

నీటి కదలిక గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను, అది వేరే వ్యాసానికి సరిపడా విషయం. నడిసముద్రపు అలలను వేర్వేరు పొడవుల అలల మొత్తంగా కూర్చే పద్ధతిని జెర్రీ టెసెన్‌డార్ఫ్ సినిమా పరిశ్రమకు అందించాడు, ‘టైటానిక్’ సముద్రం దాని చలవే. గ్లాసులోకి పోసే నీళ్ళు, విరిగిపడే కెరటం లాంటివాటికి ద్రవ సమీకరణాలనే సాధించాలి. 1999లో జాస్ స్టామ్ ఆ లెక్క కుప్పకూలకుండా నిలబెట్టాడు. 2002లో ఎన్‌రైట్, మార్ష్‌నర్, ఫెడ్‌కివ్ గ్లాసులోకి నీళ్ళు పోసే దృశ్యాన్ని కదలికతోపాటు వెలుగుతో సహా చేసి చూపించారు. నా వాదనకు ఇక్కడ కావలసింది ఒక సంగతి. నీరు జోరుగా కదిలిన చోట అది పారదర్శకంగానే ఉండదు. ‘బాహుబలి’ మొదటి భాగంలో హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ పనిచేసిన జలపాతాన్ని గుర్తుచేసుకోండి. అక్కడ వక్రీభవనం చూపించాల్సిన చోటు దాదాపు లేదు. ఉన్నదంతా తుంపర, నురుగు, గాలి బుడగలు చెదరగొట్టిన తెల్లటి వెలుగు. ఆ జలపాతం కొండంత ఎత్తున్నదని నమ్మించేది నీటి గుణకం కాదు, తుంపర ఎంత సన్నగా విడిపోయింది, ఎంత నెమ్మదిగా దిగుతోంది అన్నది. పాత సినిమాల్లో తొట్టిలో తేలే బొమ్మ ఓడను పట్టించేది కూడా ఇదే. ఓడను చిన్నది చేయగలరు గానీ తలతన్యత వల్ల నీటి చుక్కను చిన్నది చేయలేరు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం దృష్టి శాస్త్రం నుంచి వస్తుంది. కన్ను ఇంత ఖచ్చితత్వం అడగదు కదా, ఎందుకింత శ్రమ అని. 2006లో ఖాన్, రైన్‌హార్డ్, ఫ్లెమింగ్, బ్యుల్తోఫ్ ఒక్క ఫొటో తీసుకుని, అందులోని మామూలు వస్తువు వెనక నేపథ్యాన్ని మోటుగా వంచి అతికించి, దాన్ని గాజు వస్తువులా కనిపించేలా చేశారు. 2011లో ఫ్లెమింగ్, యాకెల్, మలోనీ మందపాటి పారదర్శక వస్తువులను మనం ఎలా చూస్తామో పరిశీలించి, వెనక ఉన్న దృశ్యం ఎక్కడ నొక్కుకుపోయింది, ఎక్కడ సాగింది అన్న గుర్తులను కన్ను వాడుకుంటుందని చూపించారు. అంటే మనం మనసులో స్నెల్ సూత్రం వేసుకుని చూడం. ఈ ఫలితాలను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అవి నా వాదనను బలపరుస్తాయి కూడా. గాజును గాజుగా చూపేది చుట్టూ ఉన్న దృశ్యం వంగడమే తప్ప గుణకంలోని రెండో దశాంశం కాదని అవి చెబుతున్నాయి. అయితే కన్ను క్షమించేది వంపులోని తప్పును మాత్రమే. గ్లాసులోని చెంచా నీటి తలం దగ్గర విరిగినట్టు కనబడకపోతే క్షమించదు. గ్లాసు కింద వెలుగు మరక లేకపోతే గ్లాసు బల్ల మీద ఆనినట్టు అనిపించదు, గాలిలో తేలుతుంది. కెమెరా కదిలినప్పుడు వంపు తెగకుండా సాగాలి. అన్నిటికంటే ముఖ్యం, తెరమీద నిజం నీళ్ళ పక్కనే కంప్యూటర్ నీళ్ళు ఉన్నప్పుడు కన్ను వెంటనే పోల్చుకుంటుంది. ‘లైఫ్ ఆఫ్ పై’లో తైవాన్‌లో కట్టిన కొలనులోని నిజం నీళ్ళను గ్రాఫిక్స్ సముద్రంతో అతుకు తెలియకుండా కలపాల్సి వచ్చింది. ఆ సినిమాకు ఆస్కార్ తెచ్చిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అక్కడ మోటు వంపులు నడవవు. ‘ఫైండింగ్ నెమో’ బృందం నీటిని నిజంలా చేయడం సాధించి, ఆ తర్వాతే బొమ్మల లోకానికి తగ్గట్టు నిజాన్ని తగ్గించుకుంది. తగ్గించుకోవాలన్నా ముందు అందుకోవాలి.

రెండో అభ్యంతరం, యంత్రాలు వేగం పెరిగేకొద్దీ ఇదంతా దానంతట అదే తీరుతుందని. విటెడ్ ప్రశ్నకు అది నిజమే అయింది. కానీ లాటరీ లెక్కలో చుక్కలను సగానికి తగ్గించాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి, పదోవంతుకు తగ్గించాలంటే వందరెట్లు. లక్షలో ఒకటిగా దొరికే దారి ముందు పదిరెట్ల వేగం పెద్ద సాయం కాదు. చుక్కలను చెరిపే కృత్రిమ మేధ డీనాయిజర్లు ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నాయి. గోడలకూ బట్టలకూ అవి నిజంగా వరం. కాస్టిక్స్ దగ్గర మాత్రం వాటికి ఒక అంధత్వం ఉంది. అరుదుగా పడిన చుక్క వెలుగు వలలో భాగమా, ఉత్త చెత్తా అన్నది చుక్కను చూసి చెప్పలేం. చెరిపేస్తే వెలుగు పోతుంది, ఉంచి అలికితే మసక మరక మిగులుతుంది. వాటికి దారి చూపే ఉపరితల సమాచారం కూడా చాలాసార్లు గాజు మొదటి తలం దగ్గరే ఆగిపోతుంది, వెనక ఉన్న వస్తువు అంచులు వాటికి తెలియవు. ఇక మాట చెబితే వీడియో పుట్టించే కొత్త వ్యవస్థలు ఏ లెక్కా వేయకుండానే కళ్ళు చెదిరే కెరటాలను ఇస్తున్నాయి. ఒక్కసారి చూసి వదిలేసే దృశ్యానికి వాటిని కాదనను. కానీ అదే తుళ్ళింతను అలాగే ఉంచి కెమెరాను రెండడుగులు జరపండి, దీపం ఎడమవైపు పెట్టండి అని దర్శకుడు అడిగినప్పుడు, వెనక ఒక దృశ్యమంటూ కట్టి ఉండాలి. అద్దాల భవనం కట్టకముందే అందులో ఎండ ఎలా పడుతుందో చూడాలనుకునే వాస్తుశిల్పికి అందమైన ఊహ పనికిరాదు, లెక్కే కావాలి.

కాబట్టి నా తీర్పు ఇది. గాజు, నీరు ఎలా వచ్చాయన్నది పదార్థం పెట్టెలో తేలదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు గాజు పేరుతో ఇంకో 20 మీటలు చేర్చడం కంటే, ఒకదానిలో ఒకటి ఉన్న ద్రవాలను సరిగ్గా లెక్కించడాన్నీ, గాజు కింద నల్లనీడ రాకుండా చూడటాన్నీ అడగకుండానే చేసిపెట్టాలి. తెలుగులో యానిమేషన్ నేర్పే బడులు మొదటి నెల పాఠంగా పేరున్న షేడర్ల జాబితా కాకుండా, కిటికీ పక్కన ఒక గ్లాసు, ఒక చెంచా, రెండు నల్ల అట్టలు పెట్టి గీయించాలి. ఇక మీరే ఈ పనిలో ఉంటే, ఈసారి మీ గాజు నల్లబడినప్పుడు గుణకాన్ని 1.5 దగ్గరే వదిలేయండి. నీటి మెష్ గాజులోకి కొద్దిగా చొచ్చుకుందో లేదో చూడండి, గ్లాసు వెనక ఏం పెట్టారో చూడండి, ఆ తర్వాత దీపం ఎంత వెడల్పు ఉందో చూడండి.